ఏడు బిందెల పొన్నచెట్టు

కరీంనగర్‌లో నేను డిగ్రీ చదివే రోజుల్లో వృక్షశాస్త్రం రికార్డుకు నలభై రకాల రెమ్మలు కావాలనేవారు మా లెక్చరర్. ముప్పైతొమ్మిది కుదిరాయి. మిగిలింది పొన్న. పువ్వూ ఆకూ ఒకే రెమ్మకుండాలి, మర్నాడు పొద్దున చూపించకపోతే పరీక్షకు పంపనన్నారు. లక్సెట్టిపేట అవతల మల్కపేటలో, పాత క్రైస్తవ మిషన్ తోటలో పొన్న ఉందని ఎవరో చెప్పగానే ఇక ఆగలేకపోయాను.

ఆరింటి బస్సు, టికెట్ రెండున్నర. గోదావరి దాటి లక్సెట్టిపేటలో దిగేసరికి పదకొండున్నర. అక్కడి నుంచి నాలుగు మైళ్లు, ఎడ్లబండికి అర్ధరూపాయి. "ఇంకెంత దూరం?" అని దారి పొడుగునా బండి ఎల్లయ్య ప్రాణం తీశాను.

"జర ఆగు సారూ! ఉరికి పాలు తాగేకంటె నిలబడి నీళ్లు తాగుడు నయం. నాలుగింటికి ఆసిఫాబాద్ నుంచి కరీంనగర్ పొయ్యే బస్సు గా ఊరి ముంగటనే ఆగుతది. గదే ఆఖరుది" అన్నాడు.

యాభై గడపల ఊరు. రాతితో కట్టిన చర్చి, పెంకుల కప్పు పాత ఆసుపత్రి, మూరెడు మందం గోడల బంగళా. తీరిగ్గా చూడవలసినవే. నేను మాత్రం వాటి పక్కనుంచి పరుగులాంటి నడకతో తోటలో పడ్డాను. ఎక్కడెక్కడి చెట్లో రెండు వందలుంటాయి, ప్రతిదానికీ పేరు రాసిన రేకు ముక్క. తోటను కనిపెట్టుకుని ఉండేది అరవై ఏళ్ల రాహేలమ్మ ఒక్కతే.

"రాలింది ఎంతన్న తీస్కో బిడ్డా. తెంపితే మటుకు పొద్దుగూకక ముందే గా చెట్టుకు ఏడు బిందెల నీళ్లు పొయ్యాలె. మా అవ్వల కాలం నుంచి గదే కట్టుబాటు" అంది.

పొన్న కింద పువ్వులు కుప్పలుగా రాలాయి, రెమ్మ ఒక్కటీ రాలలేదు. ఏడు బిందెలు తోడే ఓపిక లేక, గాలికి ఒక్కటైనా రాలకపోతుందా అని చూశాను. రెండయింది. మూడయింది. కూర్చున్నాను, లేచాను, చెట్టు చుట్టూ తిరిగాను. తిని పొమ్మంటూ రాహేలమ్మ నా కోసం జొన్నరొట్టె తేవడానికి ఇంట్లోకి పోయింది. అంతే, పుటుక్కున విరిచేశాను. వేళ్లనిండా జిగురు పాలు.

వచ్చి చూసింది. తిట్టలేదు. రొట్టె నా చేతిలో పెట్టి బిందె తీసుకుంది.

"అవ్వా, బస్సు..."

"పో బిడ్డా, నీ బస్సు నీకుంది. నీళ్లు నేను పోస్త."

హారన్ మోగింది. పరుగెత్తి సీటు పట్టుకున్నాను. తీరా చూస్తే డ్రైవరూ కండక్టరూ దిగి చాయ్ హోటల్లో కూర్చున్నారు. కిటికీలోంచి చేదబావి కనబడుతోంది. ఆమె నడుం పట్టుకుంటూ ఒక్కో బిందె మోస్తోంది. ఏడూ లెక్కపెట్టాను. దిగితే సీటు పోతుందని దిగలేదు.

పరీక్ష పాసయ్యాను. ఆ సిగ్గు మాత్రం ఇన్నేళ్లయినా పోలేదు. తొందర మనిషిని చెడ్డవాణ్ణి చేయదనుకునేవాణ్ణి, చేస్తుంది. మీరు మల్కపేట వెళ్తే ఒక్క మాట గుర్తుంచుకోండి. నాలుగింటి బస్సు అక్కడ అరగంట ఆగుతుంది. హారన్ వినగానే పరుగెత్తకండి.