గసగసాల కూర, మిలటరీ పరీక్ష

రెండు వేల సంవత్సరం వచ్చిన కొత్త. మేం సిడ్నీలో వెస్ట్‌మీడ్‌లో ఉండేవాళ్లం. మా అమ్మాయి స్వప్న ఆస్ట్రేలియా సైన్యంలో కంప్యూటర్ టెక్నీషియన్. ఒక ఆదివారం ఇంటికి వస్తే, ఇష్టమని గసగసాలు నూరి కోడికూర వండాను. మళ్లీ మళ్లీ వడ్డించుకుని తింది.

బుధవారం ఫోన్ చేసింది.

"అమ్మా, మండే మా యూనిట్‌లో ర్యాండమ్ డ్రగ్ టెస్ట్ చేశారు. నా యూరిన్‌లో మార్ఫిన్ కనిపించిందట. జాబ్ పోతుందేమో. అయామ్ స్కేర్డ్."

"నిజం చెప్పవే, ఏమైనా తీసుకున్నావా?" అని అడిగేశాను. అది ఫోన్ పెట్టేసింది.

ఏడుస్తూ పక్క ఫ్లాట్‌లోని డాక్టరుగారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన అంతా విని, "ఏం తిందమ్మా?" అని అడిగారు. కూర సంగతి చెప్పగానే, "గసగసాలు మార్ఫిన్ తీసే నల్లమందు మొక్క గింజలే. వాటి వల్ల కూడా అలా కనిపిస్తుంది. వెంటనే వాళ్లకి చెప్పమనండి" అన్నారు.

స్వప్నకి ఫోన్ చేసి ఆ మాట చెప్పాను. వాళ్లు మరింత లోతుగా పరీక్ష చేసి ఫలితం చెప్పేదాకా పది రోజులు నాకు ముద్ద దిగలేదు. చివరికి స్వప్న తప్పేమీ లేదని తేల్చారు.

ఆ పరీక్ష గురించి ఇప్పుడది అందరికీ నవ్వుతూ చెబుతుంది. నేను అడిగిన మాట మాత్రం ఎప్పుడూ ఎత్తదు. ఒక్కసారి ఎత్తి నన్ను తిట్టినా బాగుండేది.