దానమ్మ మూడో స్తోత్రం

ఆదోని బజారుకు రెండే కాలాలు. దూది ఎగిరే కాలం, దుమ్ము ఎగిరే కాలం. ఎగిరేది ఏదైనా ఊడ్చేది మాత్రం దానమ్మే. ఇంద్రసేనయ్య మండీ ముందర ఆమె చీపురు చప్పుడు వినపడితేనే ఆ వీధికి తెల్లవారినట్టు.

దానమ్మకు అంతకుముందే తెల్లవారేది. తలుపు గడి తీసి, గడప మీద కూర్చుని మూడు స్తోత్రాలు చెప్పుకునేది. అది ఏసు గుడిలో పంతులమ్మ నేర్పిన అలవాటు. పొద్దున లేస్తూనే దేవుడు చేసిన మేళ్ళు మూడు గుర్తు చేసుకో, ఆ తర్వాతే చీపురు పట్టుకో అని చెప్పింది. పంతులమ్మ మంచం మీద పడుకుని లేచే మనిషి, ఆమెకు ముప్పై మేళ్ళైనా గుర్తొస్తాయి. దానమ్మకు రెండు దాటేసరికి నోరు ఎండిపోయేది. కన్ను తెరిచినాను, స్తోత్రం. లోపల చిన్నప్ప దగ్గుతున్నాడు, అంటే మొగుడు బతికే ఉన్నాడు, స్తోత్రం. మూడోదానికి వెతుక్కోవాలి. కుండలో రాత్రి సంగటి మిగిలి ఉంటే దానికి చెప్పేది. మిగలని పొద్దు "మూడోది సాయంత్రం సెప్తాలే సామీ" అని లేచిపోయేది.

ఈమధ్య ఆ మూడోది కూతురు సారమ్మ మీదికి వచ్చింది. నలుగురిని కంటే దక్కింది ఆ ఒక్కతే. సిరుగుప్ప పక్క పల్లెలో ఇచ్చారు. ఇప్పుడు తొలిచూలు, ఎనిమిదో నెల. ఎనిమిదో నెలలో కడుపుతో ఉన్న పిల్లను ఊరు దాటించకూడదు. తొమ్మిది పడగానే పుట్టింటికి తెచ్చుకోవాలి. "నీ కాడే కంటానమ్మా, ఆడ నాకు బయ్యం" అని కిందటిసారి పోయేటప్పుడు సారమ్మ చెయ్యి వదలకుండా చెప్పింది. దానమ్మ వీధి చివర మంత్రసాని తిమ్మక్కకు అప్పుడే చెప్పి పెట్టుకుంది. పొద్దున "పిల్ల బాగుండాది, స్తోత్రం" అనుకుంటే మూడూ పూర్తయ్యేవి.

అది యాభైమూడో సంవత్సరం, సెప్టెంబరు నెల. ఇంద్రసేనయ్య పొద్దున్నే మండీ అరుగు మీద కూర్చుని పేపరు పైకి చదివేవాడు. వినేవాళ్ళు ఉన్నా లేకపోయినా చదివేవాడు. దానమ్మ ఊడుస్తూ వినేది. ఎక్కడో రైలు పడింది, ఎక్కడో వరద వచ్చింది, ఎవరో మంత్రి ఏదో అన్నాడు. ఆమె చీపురు ఆ వార్తలకెప్పుడూ ఆగలేదు. ఆ పొద్దు ఆగింది.

"ఒకటో తేదీ నుంచి మనం ఆంధ్రరాష్ట్రం. బళ్ళారి, సిరుగుప్ప మైసూరుకు పోతాండాయి" అన్నాడు ఇంద్రసేనయ్య. "ఇంక మనకూ వాళ్ళకూ నడమ గడి పడ్తాది."

ఆయన అన్నది కన్నడం గడి. అంటే ఎల్ల, పొలిమేర. ఎన్నో ఏళ్ళుగా బళ్ళారి జిల్లాలో ఉన్న ఊరు కాబట్టి ఆదోనిలో ఆ మాట షావుకార్ల నోట తెలుగులాగే తిరిగేది. దానమ్మ విన్నది మాత్రం తన ఇంటి గడి. రాత్రిపూట తలుపుకు అడ్డం వేసే కర్ర.

"గడి ఎవురేస్తారు సామీ?"

"ఎవురేస్తారేమ్మే, సర్కారోళ్ళు."

"మల్లా తీయరా?"

"యాడ తీస్తారు? ఒకసారి పడితే పడినట్టే."

"మా పాప ఆ పక్కుండాది సామీ."

"అయితే ఆ యమ్మి ఇంక మైసూరోళ్ళ మనిషి" అని ఇంద్రసేనయ్య పేపరు తిప్పుకున్నాడు.

దానమ్మ మిగిలిన సగం వీధి ఎలా ఊడ్చిందో ఆమెకే తెలియదు. సారమ్మకు తొమ్మిది పడేది ఒకటో తేదీ దాటిన తర్వాతే. గడి పడేలోపల తేవాలంటే ఎనిమిదో నెలలో కదిలించాలి. తొమ్మిది పడేదాకా ఆగితే తలుపు మూస్తారు.

ఇంటికి వచ్చి చెబితే చిన్నప్ప దగ్గు ఆపుకుని, "ఊర్లకు గడి యాడైనా ఏస్తారా?" అన్నాడు.

"మొన్నటిదాకా బళ్ళారి జిల్లా అన్నారు. ఇప్పుడు కాదంటాండారు. ఇంత పెద్ద జిల్లాను పీకి ఆ పక్క పెట్టేటోళ్ళకు ఒక గడి కష్టమా?" అంది దానమ్మ.

మరుసటి రోజు కౌతాళం దాకా బస్సులో పోయింది. అక్కడినుంచి వడ్ల బండి ఒకటి దొరికింది. దారి పొడుగునా మెడ చాచి చూస్తూనే ఉంది. ఎక్కడా గోడ లేచినట్టు కనిపించలేదు. ఇంకా కట్టలేదు కాబోలు అనుకుంది. వియ్యపురాలు ఏసమ్మ ఇంటికి చేరేసరికి నడుము రెండు ముక్కలయింది. సారమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పాదాలు ఉబ్బి ఉన్నాయి. అమ్మను చూసి లేవబోతే దానమ్మ కూర్చోమని చెయ్యి ఊపింది.

"ఏం వదినా, సెప్పకుండా వచ్చినావే?" అంది ఏసమ్మ, చెంబుతో నీళ్ళిస్తూ.

"పాపను పిల్సుకపోతా."

"ఎనిమిదో నెల పెట్టుకోనా? నీకు మతి యాడ పోయింది?"

"ఒకటో తేదీ గడి ఏస్తారంట. ఆమీన ఎవురూ తీయరంట. మా సావుకారు పేపర్లో సదివినాడు."

ఏసమ్మ ఒక క్షణం చూసి, కొంగు నోట్లో పెట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. "వదినా, గడి అంటే కన్నడంలో పొలిమేర. నీ ఇంటి తలుపు కట్టె కాదు. సేనుకు గట్టు ఉన్నట్టు ఊర్లకు గట్టు. అంతే."

దానమ్మ మాత్రం నవ్వలేదు. "గట్టు కాడే గదా వదినా మనుసులు తలకాయలు పగలగొట్టుకునేది. దేవరగట్టు జాతరలో దసరా రాత్రి కొట్టుకునేదానికి కట్టెలెత్తినట్టు ఎత్తుతారు. నీకూ నాకూ సేను లేదు గాబట్టి తెలీదు."

ఏసమ్మ నవ్వు ఆగిపోయింది.

"పంపను వదినా. ఎనిమిదిలో కదిలిస్తే ఏమన్నా అయితే నీ పాపే కాదు, నా మనవడు గూడా పోతాడు. తొమ్మిది పడినాక నేనే తెస్తా. నువ్వన్న గడి నిజంగానే ఉంటే రాయి తీసుకోని పగలగొట్టుకోని వస్తా."

దానమ్మ సారమ్మ వైపు చూసింది. "నువ్వేమంటావే?"

సారమ్మ ఇద్దరినీ చూసి, "నాకు ఇప్పుడు బండెక్కే సత్తువ లేదమ్మా" అంది.

ఆ ఒక్క మాటతో దానమ్మ తిరిగి వచ్చింది. మండీ ముందు రెండు రోజుల చెత్త ఆమెకోసమే కాచుకుని ఉంది. "యాడికి పోయినావమ్మే, నీ బదులు ఎవురినన్నా పెట్టి పోవాల్సింది" అని ఇంద్రసేనయ్య గొణిగాడు. గడి ఎక్కడ పడుతోందో చూసి రావడానికి పోయినానని దానమ్మ చెప్పలేదు. చెబితే బజారంతా నవ్వేది. వియ్యపురాలు నవ్విన నవ్వు చాలు.

ఒకటో తేదీ వచ్చింది. ఆదోనిలో తోరణాలు కట్టారు. రంగు కాగితాలు, డప్పులు, పిల్లలకు బూందీ. మధ్యాహ్నందాకా అరిచినవాళ్ళందరూ ఇళ్ళకు పోయారు. కొత్త రాష్ట్రం వచ్చిన చెత్తంతా మరుసటి పొద్దున దానమ్మ ఊడ్చింది. ఆమెకు అందిన మేలు అంతే. దానికి స్తోత్రం చెప్పాలా వద్దా అని గడప మీద ఆలోచించి, చెప్పలేదు. మూడోది చెప్పుకుందామంటే సారమ్మ సంగతి తెలియదు. పిల్ల బాగుంది అనుకోవడానికి నోరు రాలేదు. ఆ వారమంతా రెండు స్తోత్రాలతోనే లేచిపోయింది.

తర్వాత ఒక సాయంత్రం వాకిట్లో బండి ఆగింది. ముందు ఏసమ్మ దిగింది. తర్వాత గడ్డి పరుపు మీదనుంచి సారమ్మను ఇద్దరూ కలిసి దించారు. పిల్ల ముఖం వాడిపోయి ఉంది గానీ నవ్వుతోంది.

"గడి యాడ తగిలింది వదినా?" అంది దానమ్మ.

"నేనూ సూస్తానే వచ్చినా. రాయి గూడా బండ్లో పెట్టుకుంటి. కౌతాళంలో అడిగితే, ఎప్పుడో దాటినారు పోండి అన్నారు." ఏసమ్మ నడుం పట్టుకుని అరుగు మీద కూలబడింది. "ఒక బర్రెగొడ్డు అడ్డమొచ్చింది. అదేనేమో మరి."

చిన్నప్ప దగ్గుతూనే నవ్వాడు. దానమ్మ బండిలోకి తొంగి చూసింది. గడ్డి కింద రాయి నిజంగానే ఉంది, పిడికెడంత.

మరుసటి పొద్దున దానమ్మకు మెలకువ వచ్చేసరికి గుడిసెలోకి వెలుగు పడుతోంది. తలుపు గడి తీసి గోడకు ఆనించి ఉంది. బయట చీపురు చప్పుడు. కాన్పు అయ్యేదాకా ఇక్కడే ఉంటానన్న ఏసమ్మ వాకిలి ఊడుస్తోంది.

"ఈ చీపురుతోనా వదినా నువ్వు బజారంతా ఊడ్చేది? కట్టెపుల్లలే మిగిలినాయి గదా."

సారమ్మ పక్కకు తిరిగి నిద్రపోతోంది. కడుపు మీది చీర మెల్లగా లేస్తూ తగ్గుతోంది. దానమ్మ గడప మీద కూర్చుంది. కన్ను తెరిచినాను. చిన్నప్ప దగ్గుతున్నాడు. మూడోదానికి ఆమె వెతుక్కోలేదు.

"ఈ పొద్దు గడి నేను తీయలేదు" అంది పైకే. "స్తోత్రం."