ఆ చుక్కలు ఇచ్చింది నేనే

కుక్కల తిండి అమ్మే దుకాణాలు ఆ వీధిలో మూడున్నాయి. రెండింటికి అద్దాల తలుపులు, రంగురంగుల దీపాలు ఉన్నాయి. మూడోదానికి తిప్పక్క ఉంది. జనం మూడోదానికే వెళ్ళేవారు.

తిప్పక్క అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, కొనేవాళ్ళు పెట్టింది. ఎవరొచ్చి ఏ సంచి చూపించి "ఇది ఇవ్వండి" అన్నా, ఆవిడ ముందు దాన్ని వెనక్కి తిప్పుతుంది. ముక్కు మీదికి జారిన కళ్ళజోడు పైకి తోసుకుని, వేలు పెట్టి చూపిస్తుంది.

"ముందుపక్క బొమ్మ నీకోసం వేశారు నాయనా, నీ కుక్క కోసం కాదు. వెనక చదువు. మొదటి మాట ఏముంది?"

"మొక్కజొన్న, అక్కా."

"రెండోది?"

"గోధుమ పొట్టు."

"నీ ఇంట్లో ఉన్నది కుక్కా, కోడిపెట్టా? ఎక్కడ తీశావో అక్కడ పెట్టెయ్."

మొదటి రెండు మాటల్లో మాంసమో, చేపో, గుడ్డో కనిపించాలి. ఏ వయసు కుక్కకో రాసి ఉండాలి. వేరే ఏమీ కలపకుండా ఇది ఒక్కటే పెట్టినా సరిపోతుందని ఉండాలి. ఇవి ఉన్నాయా, ఎంత చవక సంచి అయినా ఆవిడ దగ్గర మర్యాదే. లేవా, ఎంత ఖరీదైనదైనా చీదరింపే. ధర చూసే పద్ధతి కూడా ఆవిడది వేరు. కిలో ఎంతని చూడదు, రోజుకి ఎంత పడుతుందని చూస్తుంది. "ఆ చవక రకం మూడు గిన్నెలు పెడితే గాని కడుపు నిండదు. ఈ మధ్యరకం రెండు చాలు. ఆ మూడో గిన్నె ఎటు పోతుందనుకున్నావ్? పొద్దున్నే రోడ్డు మీద వంగి నువ్వే ఎత్తాలి!"

ఇక ఇంకో ప్రశ్న ఉంది, దానికి పెద్దపెద్దవాళ్ళే బిక్కచచ్చిపోయేవారు. ఇస్త్రీ మడత నలగని చొక్కా వేసుకుని ఒకాయన వచ్చాడనుకోండి, పదిమందిలో గొంతెత్తి అడిగేస్తుంది: "మీది దొడ్డికి ఎలా వెళ్తోందండీ? గట్టిగానా, జారుగానా?" ఆయన చెవులు ఎర్రబడితే ఆవిడకేం? తిండి పడిందో లేదో నోరు చెప్పదు కదా, అదే చెప్పాలి.

వాళ్ళాయన బస్సు నడిపి రిటైరైనవాడు. మూల స్టూలు మీద కూర్చుని తూకం వేసేవాడు. "మా ఆవిడ దుకాణం పెట్టింది అమ్మడానికి కాదండీ, అమ్మకుండా ఉండడానికి" అనేవాడు. ఆవిడ గుర్రుగా చూసేది. అయినా ఇరవయ్యారేళ్ళలో ఆ దుకాణం ఒక్క రోజు కూడా ఈగలు తోలుకోలేదు. అది ఆవిడకి గర్వమే, దాచుకునే గర్వమూ కాదు.

ఆ వీధిలో అందరికంటే ఎక్కువగా ఆవిడ మాట వినేది పోస్టుమాన్. తమాషా ఏమిటంటే, వీధిలో ప్రతి కుక్కా అతన్ని చూస్తే మొరిగి తరుముతుంది, అతనేమో ఇంట్లో ఒక కుక్కని ప్రాణంగా పెంచుకుంటున్నాడు. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినవాళ్ళెవరో గేటు బయట వదిలేస్తే, ఉత్తరం ఇవ్వడానికి వెళ్ళినవాడు దాన్ని సంచిలో వేసుకుని వచ్చాడు. అణిగిపోయిన ముక్కు, ముందుకి పొడుచుకొచ్చిన గుండ్రటి కళ్ళు, ఎప్పుడూ అలిగినట్టుండే మూతి. బుంగ అని పేరు పెట్టాడు. పాపం, తెలియక దానికి టీలో ముంచిన బిస్కెట్లు పెట్టేవాడు. బుంగ బొచ్చు ఊడి, వీపు మీద చర్మం కనిపించేది.

తిప్పక్క తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. తర్వాత మధ్యరకం సంచి ఒకటి తీసిచ్చి, ఒకేసారి మార్చకుండా వారం రోజుల పాటు పాతది తగ్గిస్తూ కొత్తది పెంచమంది. రోజు విడిచి రోజు ఉప్పు వేయని ఉడికించిన గుడ్డు సగం. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ ఇంట్లో నేల మీద పడకూడదంది. కళ్ళు తుడవడం కూడా తనే కూర్చుని నేర్పింది. కాచి చల్లార్చిన నీళ్ళు, ముక్కు పక్కనుంచి బయటికి, ఒక కంటికి వాడిన దూది ఇంకో కంటికి వాడకూడదు, కంట్లో పొడుచుకునే వెంట్రుకలు కత్తిరించాలి. రెండు నెలలకి బుంగ బొచ్చు నిగనిగలాడింది. పోస్టుమాన్ ఉత్తరం ఇచ్చిన ప్రతి ఇంట్లోనూ ఆ సంగతి చెప్పి వచ్చాడు. తిప్పక్క ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

మందుల జోలికి మాత్రం ఆవిడ వెళ్ళేది కాదు. "నేను తిండిదాన్ని, మందుదాన్ని కాదు. కన్ను ఎర్రబడినా, కుక్క కన్ను మూసుకుని ఉన్నా ఆ రోజే డాక్టరు" అనేది. అలా అని డాక్టరమ్మతో ఆవిడకి పొత్తు కుదిరిందా అంటే, అబ్బే! ఆ పడుచు డాక్టరమ్మ తన ఆసుపత్రిలో ఖరీదైన తిండి సంచులు పెట్టింది. ఈవిడ ఒక సంచి తెప్పించుకుని, వెనక్కి తిప్పి, దుకాణం ముందు అందరికీ చదివి వినిపించింది. అప్పట్నించి ఇద్దరూ రోడ్డు మీద ఎదురుపడితే చెరో వైపు చూసుకునేవారు.

ఒక ఆదివారం ఉదయం పోస్టుమాన్ బుంగని ఎత్తుకుని పరుగున వచ్చాడు. పొదలో తల దూర్చిందట. కుడికన్ను సగం మూసుకుని ఉంది, ఎర్రగా, నీరు కారుతూ. ఆదివారం ఆసుపత్రి ఉండదు.

"ఏదో ఒకటి చెయ్యి అక్కా, చూడలేకపోతున్నాను" అన్నాడు.

నాలుగు నెలల కిందటే తిప్పక్క కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. అప్పుడిచ్చిన చుక్కల మందు సగం మిగిలి ఫ్రిజ్ తలుపులో ఉంది. తన కన్ను చింతనిప్పులా ఉంటే ఆ మందే రెండు రోజుల్లో తగ్గించింది. కన్నంటే కన్నే కదా, అనుకుంది. ఇరవయ్యారేళ్ళలో మొదటిసారి గీత దాటి, లోపలికి వెళ్ళి ఆ సీసా తెచ్చిచ్చింది. "పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. తగ్గిపోతుంది పో."

సాయంత్రానికి ఎరుపు తగ్గింది. పోస్టుమాన్ చెప్పడానికి మళ్ళీ వచ్చాడు. "చూశారా" అన్నట్టు ఆవిడ మొగుడి వైపు చూసింది.

ఆ తర్వాత మూడు రోజులు అతను కనిపించలేదు. గురువారం మధ్యాహ్నం, గిరాకీ బాగా ఉన్న వేళ వచ్చి, అందరూ వెళ్ళేదాకా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైంది తమ్ముడూ?"

"సోమవారానికే కన్ను తెల్లబడింది అక్కా, పాలు పోసినట్టు. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. నల్లగుడ్డు మీద గీత పడిందంది, చుక్కలిచ్చింది. వేస్తున్నా పెరుగుతోంది. పొద్దున మళ్ళీ చూసి, మందుకి లొంగట్లేదంటే లోపల ఇంకేదో ఉందంది. రేపు పొద్దున ఆపరేషన్ చేసి కన్ను తీసేస్తానంది."

"నేనిచ్చిన సీసా సంగతి చెప్పావా?"

"చెప్తానా?" అతను గొంతు తగ్గించాడు. "ఇంట్లో ఏమైనా వేశారా అని రెండుసార్లు అడిగింది. ఏమీ వేయలేదన్నాను. ఆవిడ ముందు నీ పేరు ఎత్తుతానా అక్కా? నీ పరువు నా పరువు కాదా?"

"మరి నేనిచ్చింది ఆపేశావా?"

"ఎందుకాపుతాను? ఆవిడది మూడుసార్లు, నీది రెండుసార్లు. ఆవిడ మందు మీద కంటే నీ మాట మీదే నాకు నమ్మకం."

నమ్మకం ఇంత బరువుంటుందని ఎన్ని బస్తాలు ఎత్తినా ఆవిడకి తెలియలేదు. "ఇక ఒక్క చుక్క వెయ్యకు. ఆ సీసా ఇలా ఇవ్వు" అని చెయ్యి చాపింది. అతను జేబులోంచి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

వాళ్ళాయన అంతా విన్నాడు. చెడ్డవాడు కాదు, పెళ్ళాం తల దించుకుంటే చూడలేనివాడు. "ఆపెయ్యమని చెప్పావు కదా, ఇంక చాలు. నువ్వెళ్ళి ఆ ఆసుపత్రిలో చెప్పావంటే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. రేపటినించి నీ మాట ఎవరు వింటారు? ఆలోచించుకో" అన్నాడు.

ఆలోచించింది. అబద్ధమెందుకు, ఆయన అన్నది నిజమేనని కూడా అనిపించింది. ఆవిడకి ఉన్నదల్లా ఆ మాటే. దీపాలా, అద్దాలా, ఏమున్నాయి? కానీ రేపు పొద్దున డాక్టరమ్మ కత్తి పట్టుకునేది తెలియని కారణానికి. ఆ కారణం ఈ గుప్పిట్లో ఉంది. గుప్పిట మూసుకుంటే ఒక కన్ను పోతుంది.

"షట్టరు దించండి" అంది.

"గిరాకీ వేళ..."

"దించమన్నానా!"

ఆసుపత్రి వరండాలో ఆరుగురు కూర్చున్నారు, ఆరుగురూ ఆవిడ గిరాకీలే. "అక్కా, నువ్విక్కడా!" అని ఒకరు నవ్వారు. లోపలికి రమ్మని పిలిచేదాకా ఆగితే ధైర్యం చల్లారిపోతుందని ఆవిడకి తెలుసు. తలుపు దగ్గరే నిలబడి గొంతెత్తింది. దొడ్డి సంగతులు అడిగే ఆ గొంతే.

"డాక్టరమ్మా, బుంగ కంట్లో మీ మందు ఒక్కటే పడలేదు. ఆదివారం నుంచి ఇది కూడా పడుతోంది. నా ఆపరేషన్‌కి ఇచ్చిన చుక్కలు. ఆ చుక్కలు ఇచ్చింది నేనే. పోస్టుమాన్ తప్పేం లేదు, నన్ను కాపాడడానికి అబద్ధం చెప్పాడు."

డాక్టరమ్మ బయటికి వచ్చి సీసా అందుకుంది. వెనక్కి తిప్పి, చిన్న అక్షరాలు చదివింది. తిప్పక్కకి తల కొట్టేసినట్టయింది. లోకానికంతా నేర్పిన పని, ఆ ఒక్క ఆదివారం తను చేయలేదు.

"ఇది వాపు తగ్గించే మందమ్మా. గాయం లేని కంటికి మంచిదే" అంది డాక్టరమ్మ. "గీత పడిన కంట్లో పడితే ఎరుపు పోతుంది, పుండు మాత్రం మానదు. లోతుకి పోతుంది. అందుకే నా మందు పని చెయ్యలేదు." ఆగి, ఈసారి ఆవిడ కళ్ళలోకే చూసింది. "ఏమీ వేయలేదు అని చెప్పేవాళ్ళు నాకు రోజూ వస్తారు. నేను వేశాను అని వచ్చింది మీరొక్కరే. రేపటి ఆపరేషన్ ఆపుతాను. నాలుగు రోజులు చూద్దాం. మన సంచుల తగువు తర్వాత తీర్చుకుందాం."

బుంగ కాలి నుంచి కాస్త రక్తం తీసి, అందులో పైకి తేలిన తేటతోనే పుండు మాన్పే చుక్కలు తయారుచేసి ఇచ్చింది డాక్టరమ్మ. గంటగంటకీ వేయాలి. పోస్టుమాన్ సెలవు పెట్టాడు. పగలంతా అతను అలిసిపోయినప్పుడల్లా తిప్పక్క వెళ్ళి వేసింది, ఒక్క చుక్క తప్పలేదు. గోక్కోకుండా మెడకి గరాటులా కట్టిన అట్ట గోడలకి కొట్టుకుంటూ బుంగ ఇల్లంతా తిరిగేది. దుకాణంలో కూడా ఆవిడ నోరు మూసుకోలేదు. వచ్చిన ప్రతివాళ్ళకీ సంచి కట్టేలోగా తనే చెప్పేసింది: "మనుషుల చుక్కలు కుక్క కంట్లో వేయకండి. నేను వేయించాను, కన్ను పోబోయింది." ఇద్దరు మొహం మాడ్చుకుని అద్దాల దుకాణానికి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు, "నువ్వు కాబట్టి చెప్పావక్కా" అని సంచి భుజాన వేసుకున్నారు.

నాలుగు రోజులు పది రోజులయ్యాయి. పదకొండో రోజు డాక్టరమ్మ బుంగని బల్ల మీద నిలబెట్టి, అరచేత్తో ఎడమకన్ను మూసింది.

"పిలవకండి. చప్పుడు చేయకుండా చెయ్యి ఊపండి" అంది.

తిప్పక్క చెయ్యెత్తింది. పొగమంచు లాంటి చిన్న మచ్చ ఒకటి మిగిలిన ఆ కుడికన్ను, ఆ చేతినే పట్టుకుని అటు తిరిగింది, ఇటు తిరిగింది. తర్వాత తోక ఊగింది. పోస్టుమాన్ అక్కడే, అందరిముందే, బావురుమన్నాడు. తిప్పక్క ఏడవలేదు. కళ్ళజోడు తీసి చీర కొంగుతో చాలాసేపు తుడిచింది, అంతే.

బయటికి వస్తుంటే బుంగని భుజం మీద వేసుకుని పోస్టుమాన్ పొంగిపోయాడు.

"రేపటినించి డ్యూటీ అక్కా. ఇల్లిల్లూ చెప్తాను చూడు. నువ్వు చెప్పబట్టే కన్ను దక్కిందని చెప్తాను. ఆ సీసా సంగతి మాత్రం ఎవరికీ..."

ఆవిడ నడిరోడ్డు మీద ఆగిపోయింది.

"తప్పు చేశానని చెప్పు. నేనే వెళ్ళి ఒప్పుకున్నానని కూడా చెప్పు. రెండూ నావే. ఒకటి చెప్పి ఒకటి మింగావో, ఊరుకోను."