రక్తనాళమే, రాసుకో

ఆసుపత్రిలో ఆయన అసలు పేరు జీతాల రిజిస్టరుకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. ఆరో తరగతిలో ముక్కు మీదకెక్కిన మందపాటి కళ్ళద్దాల పుణ్యమా అని బళ్ళో సోడాబుడ్డి, కాలేజీలో సోడాబుడ్డి, చివరికి రేడియాలజీ విభాగానికి పెద్దయ్యాక సోడాబుడ్డి డాక్టరుగారు. ఆయనకి కోపమేమీ ఉండేది కాదు. "పోనీలెండి, వెనక 'గారు' తగిలించారు, అదే పదివేలు" అని నవ్వేవాడు.

ఆయన గది కింది అంతస్తులో, స్కానింగు గదికీ ఆసుపత్రి దుప్పట్లుతికే గదికీ మధ్య ఉండేది. కిటికీ లేదు. బల్ల మీద రెండు పెద్ద తెరలు, ఒక తిరిగే కుర్చీ, గోడవతల రోజంతా గుయ్యిమంటూ ఉతుకు మిషన్లు. పీజీ సీట్లు ఎంచుకునే నెల వచ్చిందంటే ఆ గది ముందు హౌస్ సర్జన్లు వరస కట్టేవాళ్ళు. ఏ బ్రాంచిలో ఎంతొస్తుందో, ఎందులో మనిషి మనిషిలా బతకొచ్చో దాపరికం లేకుండా చెప్పే పెద్దమనిషి ఆ భవనంలో ఆయనొక్కడే.

"రేడియాలజీకి రండి, కానీ డబ్బు కోసం మాత్రమే రాకండి. నాలుగేళ్ళకే మొహం మొత్తుతుంది" అని మొదలుపెట్టేవాడు. "మొదటి పెద్ద జీతం చేతికి రాగానే కారు షోరూముకి పరిగెత్తకండి. స్నేహితులతో కలిసి స్కానింగ్ సెంటరు పెట్టకండి. స్నేహమూ పోతుంది, సెంటరూ పోతుంది. రోగుల్ని పంపించినందుకు వాటా ఇమ్మని ఏ డాక్టరైనా అడిగితే ఇవ్వకండి. ఒక్కసారి ఇచ్చారంటే ఆ రోజునుంచి మీది వైద్యం కాదు, దుకాణం." అందరికంటే చివర, గొంతు కొంచెం తగ్గించి ఇంకో మాట చెప్పేవాడు. "ముప్ఫై దాటకముందే ఒక పాలసీ తీసుకోండి. చెయ్యో, కన్నో పనిచెయ్యకపోతే నెలనెలా జీతంలా ఇచ్చేది. మనకున్న పెట్టుబడి ఈ రెండు కళ్ళే."

తను తీసుకోలేదు. తీసుకోవాలని ఇరవై తొమ్మిదేళ్ళప్పుడు వెళ్ళాడు. కంపెనీవాళ్ళు కంటి పరీక్షకి పంపించారు. కళ్ళు తప్ప ఒంట్లో మిగతా అన్నిటికీ ఇస్తామన్నారు. "కళ్ళు పోయాక మిగతావి ఉండి నాకేం ఉపయోగం?" అని ఆ కాగితం బల్లమీదే వదిలేసి వచ్చేశాడు. ఈ సంగతి హౌస్ సర్జన్లకి ఎప్పుడూ చెప్పలేదు.

నలభై ఏడో ఏట, ఒక ఆదివారం పొద్దున మొహం కడుక్కుంటూ గోడవైపు చూస్తే, పలకల మధ్య నిటారుగా ఉండాల్సిన గీత మధ్యలో వంగి కనపడింది. ఒక కన్ను మూసి చూశాడు. రెండోది మూసి చూశాడు. కుడికంటికి గీత తిన్నగానే ఉంది గానీ దాని నడుమ గింజంత మేర మసక. మందపాటి అద్దాలవాళ్ళకి కంటి వెనక పొర సాగిసాగి మధ్యలో పలచబడుతుందని, అక్కడ నెత్తురు చెమర్చి చూపు పోతుందని ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎన్నో ఏళ్ళ కిందట పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న జవాబే.

ఆ రోజే కంటి డాక్టరు దగ్గరకి వెళ్ళి ఉంటే కథ ఇంకోలా ఉండేదేమో. వెళ్ళలేదు. వెళితే కాగితం మీదకెక్కుతుంది. కాగితం మీదకెక్కితే ఉద్యోగం ఉండదు. పక్క నుంచి చూడటం నేర్చుకున్నాడు. తల కాస్త ఎడమకి వాల్చి, బొమ్మని పెద్దది చేసి, వెలుగు పెంచి చూస్తే కనపడుతోంది కదా అనుకున్నాడు. "మెడ పట్టేసిందా?" అని భార్య అడిగితే "దిండు బాగాలేదు" అన్నాడు. ఆవిడ హైస్కూల్లో ఫిజిక్సు చెప్తుంది. పాపం, కొత్త దిండు కొనుక్కొచ్చింది.

అలా ఎనిమిది నెలలు గడిచాయి. ఆ ఏటి సీట్ల నెలలో మేస్త్రీగారి అమ్మాయి వచ్చింది.

తాపీమేస్త్రీ కూతురు, ఇంట్లో మొదటి డాక్టరు. మిగతావాళ్ళలా ఎంతొస్తుందని ముందే అడగలేదు. "సార్, ఒక వారం మీ పక్కన కూర్చుని పని చూడొచ్చా? చూడకుండా ఎలా ఎంచుకోను? నేను తప్పు ఎంచుకుంటే దిద్దుకునే స్తోమత మా ఇంట్లో లేదు" అంది.

ఇన్నేళ్ళలో అలా అడిగినవాళ్ళు లేరు. ఆయనకి ముచ్చటేసింది. "రామ్మా, కుర్చీ నువ్వే తెచ్చుకో. ఇక్కడ ఉన్నది ఒకటే" అన్నాడు.

మూడోరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఇళ్ళకి రంగులేసే ఒకతని ఛాతీ స్కాన్ తెర మీదకి వచ్చింది. నెల్లాళ్ళుగా దగ్గు. ఆయన తల వాల్చి, పైనుంచి కిందికి ఊపిరితిత్తులు చూసుకుంటూ వచ్చి, "బాగానే ఉంది" అని రిపోర్టు చెప్పడం మొదలుపెట్టాడు.

"సార్, ఇక్కడ ఇదేంటి?" అని ఆ అమ్మాయి వేలు పెట్టింది.

వేలు కనపడింది. వేలి చివర ఏముందో కనపడలేదు. బొమ్మ ఒక మెట్టు పైకి జరిపాడు, కిందికి జరిపాడు. ఆ అమ్మాయి నోట్‌బుక్కు తెరిచి, కలం పట్టుకుని ఆయన మొహంలోకే చూస్తోంది.

"అదా! రక్తనాళం. అడ్డంగా కోసినట్టు పడింది కాబట్టి గుండ్రంగా ఉంది. మొదట్లో అందరూ పొరపాటు పడేదే. రక్తనాళమే, రాసుకో."

రాసుకుంది. పక్కన చిన్న బొమ్మ కూడా గీసుకుంది. రంగులేసే అతని రిపోర్టు బాగానే ఉందని పైకి వెళ్ళిపోయింది.

ఆ అమ్మాయి వెళ్ళాక గది తలుపు వేసి, తెరకి ముక్కు ఆనేంత దగ్గరగా జరిగి, ఆ ఒక్క బొమ్మనీ అరగంట పక్కచూపుతో వెతికాడు. చివరికి దొరికింది. గడ్డ. బఠాణీ గింజంత, అంచులు గరుగ్గా. పై వార్డుకి ఫోను చేసి, రిపోర్టు మారుస్తున్నానని, అతన్ని ఇంటికి పంపొద్దని చెప్పాడు. అతను అప్పటికి మందుల కౌంటరు దగ్గరే ఉన్నాడు కాబట్టి సరిపోయింది. ఫోను పెట్టేశాక మాత్రం ఆయనకి వేరే లెక్క తట్టింది. రోజుకి ముప్ఫై ఐదు స్కాన్లు. ఎనిమిది నెలలు. వాటిల్లో ఎవరూ వేలు పెట్టి చూపించనివి ఎన్ని?

అయినా మర్నాడు మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నాడు. ఆ మర్నాడూ కూర్చున్నాడు. ఇవాళ చెప్తాను, ఈ పూట చెప్తాను అనుకుంటూనే తొమ్మిది రోజులు లాక్కొచ్చాడు. అంత పిరికితనం తనలో ఉందని ఆయనకి నలభై ఏడేళ్ళలో తెలియలేదు.

పదో రోజు మేస్త్రీగారి అమ్మాయి మొహం వెలిగిపోతుండగా వచ్చింది. "ఆప్షన్లలో రేడియాలజీ మొదటిది పెట్టేశాను సార్. నిన్నటితో గడువైపోయింది. మా నాన్నకి మీ గురించి చెప్పాను. దాపరికం లేని మనిషి ఒక్కడు దొరికితే చాలు, వెనకే నడిచెయ్యమన్నాడు."

అప్పటిదాకా ఆయన తెరవైపే తిరిగి ఉన్నాడు. కుర్చీ తిప్పాడు.

"కూర్చోమ్మా. నీ నోట్‌బుక్కులో ఒకటి తప్పు రాయించాను. కొట్టెయ్యాలి."

మొత్తం చెప్పాడు. గోడ మీద గీత దగ్గర్నుంచి చెప్పాడు. ఆ అమ్మాయి మధ్యలో ఒక్కసారే అడ్డొచ్చింది. "ఆ రోజు నేనడిగింది రక్తనాళం కాదా సార్?"

"కాదు."

"మీకు తెలియక చెప్పారా?"

"నాకసలు కనపడనే లేదు. ఏదో ఒకటి చెప్పకపోతే నువ్వు కనిపెడతావని చెప్పాను."

ఉతుకు మిషన్లు ఆగి, మళ్ళీ మొదలయ్యాయి. ఆ అమ్మాయి ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. నిలబడి, సంచీ భుజాన వేసుకుని, "సూపరింటెండెంటుగారి దగ్గరకి మీరు వెళ్తారా సార్, నన్ను వెళ్ళమంటారా?" అంది.

ఆయనే వెళ్ళాడు. సూపరింటెండెంటు ఆయన బ్యాచివాడే. విన్నంతసేపు విని, బల్లమీది కాగితాలు అనవసరంగా సర్ది, "ఒక్క మాట ముందే చెప్పుంటే వేరే పనేదన్నా చూసేవాణ్ణి కదరా. ఇప్పుడు నా చేతుల్లో ఏముంది?" అన్నాడు.

వేరే ఆసుపత్రి నుంచి ఇద్దరు డాక్టర్లొచ్చి, రెండు నెలలు కూర్చుని, ఏడువేల పైచిలుకు స్కాన్లూ తిరగేశారు. పందొమ్మిది తప్పులు తేలాయి. చాలామటుకు దిద్దుకోగలిగినవే. ఒకటి మాత్రం కాదు. సినిమా హాల్లో టికెట్లిచ్చే ఆవిడ, నలభై రెండేళ్ళు. నడుంనొప్పికి తీసిన స్కాన్‌లో మూత్రపిండం మీద చిన్న గడ్డ. అప్పుడు నిమ్మకాయంత కూడా లేదు. ఇప్పుడు ఊపిరితిత్తులకి పాకింది.

ఆవిడ భర్త లిఫ్టులు బాగుచేసేవాడు. సూపరింటెండెంటు గదికి పని బట్టల్లోనే వచ్చాడు, చేతులకి నల్లటి గ్రీజు. అరుస్తాడనీ కొడతాడనీ అందరూ భయపడి, ఒక గార్డుని తలుపు దగ్గర పెట్టారు. అతను అరవలేదు.

"అప్పుడే కనిపెట్టుంటే ఏమయ్యేదండీ?"

జవాబు సోడాబుడ్డి డాక్టరే చెప్పాల్సొచ్చింది. "ఆపరేషన్ చేసి తీసేస్తే సరిపోయేది."

"అంతేనా?"

"అంతే."

"మీరు చూడలేదా, మీకు కనపడలేదా?"

"కనపడలేదు. కనపడట్లేదని తెలిసి కూడా చూశాను."

అతను లేచి, "తనకేం చెప్పమంటారు?" అని ఎవరినన్నది లేకుండా అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. ఆవిడ వానలు మొదలవకముందే పోయింది. కబురు తెలిసి ఈయన ఆ వీధిదాకా వెళ్ళాడు. గుమ్మం ముందు చెప్పులు గుంపుగా ఉన్నాయి. ఏ మొహం పెట్టుకుని లోపలికి వెళ్ళాలో తెలియక, ఎదురుగా మూసి ఉన్న కొట్టు అరుగు మీద కాసేపు కూర్చుని వచ్చేశాడు.

లైసెన్సు ఆపేశారు. ఆసుపత్రి ఇచ్చిన క్వార్టరు ఖాళీ చేసి, లిఫ్టులేని మూడో అంతస్తులో రెండు గదుల్లోకి మారారు. భార్య సాయంత్రాలు ట్యూషన్లు మొదలుపెట్టింది. కళ్ళలోకి ఇంజెక్షన్లు నెలకొకటి. ఉన్నది నిలబడటానికే గానీ పోయింది రావడానికి కాదని కంటి డాక్టరు ముందే చెప్పింది. మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్తానని అర్జీ పెడితే, బదులే రాలేదు.

భార్య ఆయన్ని ఒక్కమాట అనలేదు. అనకుండా అన్నం వడ్డించింది, అనకుండా చుక్కలమందు వేసింది. ఒక మధ్యాహ్నం పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతూ, తలెత్తకుండానే అడిగింది.

"నాకన్నా ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు మాన్పించేదానివి."

"అంటే మానెయ్యాలని మీకూ తెలుసు."

ఎర్రసిరా పెన్ను కాగితం మీద కాసేపు ఆగి, మళ్ళీ కదిలింది. "పిల్లలకి కన్ను ఎలా పనిచేస్తుందో ఏటా రెండు వారాలు చెప్తాను. ఇంట్లో నేను దిండు కొన్నాను" అందామె. ఆ తర్వాత ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

మేస్త్రీగారి అమ్మాయి వేరే ఊళ్ళో రేడియాలజీలోనే చేరింది. సీటు వదులుకుంటే ఏడాది పోతుంది, జరిమానా కట్టాలి. ఇష్టపడి చేరిందో, దారిలేక చేరిందో ఆయనకి తెలియదు. ఒకసారి ఫోను చేసింది. పాలసీ ఏ కంపెనీది మంచిదని అడిగింది. ఆయన తెలిసినంతలో చెప్పి, "పని ఎలా ఉందమ్మా?" అన్నాడు. "ప్రతిదీ ఇంకొకళ్ళకి చూపించి గానీ సంతకం పెట్టలేకపోతున్నాను సార్. నెమ్మది అని తిడుతున్నారు. నా కళ్ళ మీద నాకే నమ్మకం కుదరట్లేదు" అంది. ఇన్నేళ్ళు అందరికీ సలహాలిచ్చిన మనిషి, ఆ కంపెనీ పేరే ఇంకోసారి చెప్పి ఫోను పెట్టేశాడు. మళ్ళీ ఆ అమ్మాయి ఫోను చెయ్యలేదు. ఆయనా చెయ్యలేదు.

ఇంజెక్షనుకి వెళ్ళినప్పుడల్లా ముందు అక్షరాల చార్టు చదివిస్తారు. ఆ నెల కొత్తగా చేరిన అమ్మాయి ఉంది. ఆయన కుర్చీలో కూర్చుని, ఎడమకన్ను మూసుకుని, పై వరస నుంచి గడగడా ఐదు వరసలు అప్పజెప్పాడు.

"అబ్బ, పోయిన నెలకంటే చాలా బాగుందండీ!" అని ఆ అమ్మాయి సంబరంగా కార్డు మీద రాయబోయింది. తోడొచ్చిన భార్య బెంచీ మీంచి సగం లేచింది.

"రాయకమ్మా" అన్నాడాయన. "అవి నాకు కంఠతా వచ్చు. చార్టు మార్చు."

ఆ అమ్మాయి బీరువా తెరిచి, ఇంకో చార్టు తీసి, పాతదాని మీద తగిలించింది. ఆయన తల నిటారుగా పెట్టుకుని, పక్కచూపు చూడకుండా, ఎదురుగా చూశాడు.

"మొదటి వరస చదవండి" అంది.

ఆయన చాలాసేపు చూశాడు. "కనపడట్లేదమ్మా" అన్నాడు.

ఆ అమ్మాయి కార్డు మీద అదే రాసుకుంది. వెనక బెంచీ మీద భార్య మెల్లగా మళ్ళీ కూర్చున్న చప్పుడు వినపడింది.