డాక్టరు పక్క కుర్చీ

మెదక్‌లో మా నాన్న, బాపుకు వైద్యం చేసిన క్యాన్సర్ డాక్టరు, రోగిని తన పక్కనే కూర్చోబెట్టుకుని ఇంటివాళ్లను ఎదుట నిలబెట్టేవారు. జబ్బు సంగతి చెప్పొద్దని రోగి వెనకనుంచి సైగ చేయడానికి ఎవరికీ చోటుండేది కాదు.

మామూలు గడ్డేనని బాపును నమ్మించి తీసుకెళ్లాను. "సార్, జర బయటికి వస్తరా?" అన్నాను.

"వద్దమ్మా. ఇంటర్ల ఉన్నప్పుడు మా అమ్మ వెనక నిలబడి నేను గూడ డాక్టరుకు సైగ చేసిన. 'నయమైనంక నీకొక మాట చెప్త బిడ్డా' అంటనే పోయింది. గందుకే ఈ చదువు చదివిన. ఆ మాటేందో ఇప్పటికీ తెల్వదు."

తర్వాత బాపు చెయ్యి పట్టుకుని, జబ్బు పేరూ, అది నయమయ్యే దశ దాటిందనీ మెల్లగా చెప్పారు.

బాపు నావైపు తిరిగాడు.

"ఇట్ల కూసో బిడ్డా," అన్నాడు నాతో. "నీకొక మాట చెప్పాలె."