కొమరోలు వైపు పోయిన ఊరేగింపు జీపు

పెండ్లికూతురి కంటే ముందే బ్యాండు మేళం అత్తారింటికి కాపురానికొచ్చిన పెండ్లి మీరెప్పుడైనా చూశారా? మా చెల్లెలు సుజాత పెండ్లిలో ఆ ఘోరం జరిగింది. చేసింది నేను, నా జీపు.

మార్కాపురంలో టైర్ల దుకాణం నడిపే నా స్నేహితుడు మస్తాన్‌కీ నాకూ ఒకటే పిచ్చి. ఇద్దరం కలిసి జీపును జానెడు ఎత్తు లేపించాం. అదీ చాల్లేదు. ఊరేగింపు నా జీపులోనే అని నాయనకు మాటిచ్చి, పెండ్లి ముందురోజు ట్రాక్టరు టైర్లకు తమ్ముళ్లలాంటి టైర్లు బిగించాం.

"ఏంది మామా, ఏనుగు మాదిరి ఉందే!" అన్నాను.

"ఏనుగుదేముంది మామా, దీని కింద దూరి పోతాది!" అన్నాడు మస్తాన్.

అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసుకున్నాం. స్టీరింగు ఒక్కసారి పూర్తిగా తిప్పి చూద్దామని మాత్రం ఇద్దరికీ తోచలేదు. దుకాణమూ మెయిన్‌రోడ్డు మీదే, గిద్దలూరులో కల్యాణ మండపమూ మెయిన్‌రోడ్డు మీదే. దారిలో పెద్ద మలుపే తగల్లేదు. నా ఖర్మ.

మరునాడు పొద్దున తాళి కట్టడం కాగానే కుర్చీ మీద కుర్చీ వేసి వధూవరులను జీపెక్కించాం. "రాహుకాలం రాకముందే పిల్ల గడప తొక్కాల నాయనా," అని గట్టిగా చెప్పి, హారతి సిద్ధం చేయడానికి సుజాత అత్తగారు ముందే ఇంటికి వెళ్లింది. ముందు బ్యాండు, మధ్యలో నేను, వెనక చుట్టాలతో కిక్కిరిసిన రెండు ట్రాక్టర్లు.

పెండ్లికొడుకు వాళ్ల సందు వచ్చింది. బ్యాండు దర్జాగా కుడికి తిరిగింది. నేనూ స్టీరింగు తిప్పాను. టైరు మడ్‌గార్డుకు ఒరుసుకుని మేకలా అరిచింది గానీ బండి తిరగలేదు. వెనక్కి వద్దామంటే ట్రాక్టర్లు నా వీపుకు అంటుకుని హారన్లు కొడుతున్నాయి. గోడకు గుద్దలేక నేరుగా పోనిచ్చాను.

"అన్నా, ఇల్లు ఆడుంటే యాడికి పోతాండావ్?" అంది సుజాత.

"తిరగడానికి కొంచెం వెడల్పు కావాలమ్మా."

"ఇట్లే నేరుగా కొమరోలు ఊరి దాకా పోతే దొరుకుతాదేమో," అన్నాడు నా పక్కన మస్తాన్.

ఊరు దాటిపోయాం. ట్రాక్టర్లూ మా వెంటే! ఇదేదో గుడికి తీసుకుపోతున్నారనుకుని ముసలివాళ్లు దండాలు కూడా పెట్టుకున్నారట. ఒక బీడు పక్కన ఆపాను. దిగుదామంటే కుర్చీలు మండపంలోనే ఉన్నాయి. నిజం చెబుతున్నా, నాకు ఏడుపొచ్చింది.

"నీ జీపు తిరిగేలోపు రాహుకాలం వచ్చి పోతాది బావా, ట్రాక్టరును దీని పక్కకు తెప్పించు!" అన్నాడు పెండ్లికొడుకు. ట్రాక్టరు ట్రక్కూ నా జీపూ సరిగ్గా ఒకే ఎత్తు. కొంగుముడి విప్పకుండానే ఇద్దరూ అందులోకి అడుగేశారు. జీపును మస్తాన్‌కు వదిలేసి నేనూ దూకాను. ఆ ట్రాక్టరు వెనక్కి మళ్లి ఊళ్లోకొచ్చి, సందులోకి ఒక్క ఊపున తిరిగింది, నన్ను వెక్కిరించినట్టు.

రాహుకాలం ఇంకా రాలేదు. గుమ్మంలో క్లారినెట్టు ఊదే ఆయన నుదుట ఇంత బొట్టుతో బిక్కమొహం వేసుకుని నిలబడి ఉన్నాడు. మేళం చప్పుడు వినగానే పిల్ల వచ్చిందనుకుని, అత్తగారు సాంబ్రాణి పొగలో సరిగ్గా కనపడక ఆయనకే హారతిచ్చేసింది. మళ్లీ కర్పూరం వెలిగించి, సుజాతను లోపలికి పిలిచి, ఆవిడ నా వైపు తిరిగింది.

"నాయనా, నీ చెల్లెలి సీమంతానికి తప్పకుండా రావాల. బస్సెక్కి రా."

కాబట్టి పాఠక మహాశయులారా, స్టెప్నీ మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. స్టీరింగు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి చూడకుండా ఇకపై ఎవరి చెల్లెలినీ నా జీపెక్కించను. కొమరోలు పోవాల్సినవాళ్లు మాత్రం నిశ్చింతగా ఎక్కవచ్చు.