చక్కెరకు తగ్గని అంకె

మా అక్క చక్కెర ఫ్యాక్టరీకి పేరుపడ్డ బోధన్‌లో జాకెట్లు కుడుతుంది. ఇరవై ఏళ్లుగా ఒకటే కత్తెర. ఒకరోజు ఫోన్ చేసి, "కత్తెర ఖరాబైంది చెల్లె, బొటనవేలు వడ్తలేదు" అంది. పోయి చూస్తే కత్తెర బాగానే ఉంది, వేలే లావైంది. చెప్పుల సైజు పెరిగిందనీ, చర్చిలో పాడుతుంటే గొంతు బొంగురుగా వస్తోందనీ అప్పుడే చెప్పింది.

నేను నిజామాబాద్‌లో ఒక ల్యాబ్‌లో రక్తాలు తీస్తాను. పదిహేనేళ్ల సర్వీసు, నాకు తెలియని రిపోర్టు లేదన్న పొగరు. డాక్టరును అడక్కుండానే అక్కకు గ్రోత్ హార్మోన్ పరీక్ష చేయించాను; పెద్దయ్యాక అది ఎక్కువైతే కాళ్లూ చేతులూ లావవుతాయి. మూడు చిల్లర వచ్చింది. పక్కన అచ్చు వేసిన హద్దు లోపలే ఉంది. "ఏం లేదక్కా, మంచిగున్నవ్. నలభై దాటినంక ఎవ్వలైనా జర లావైతరు" అన్నాను. అక్క పెద్ద కత్తెర కొనుక్కుంది.

ఎనిమిది నెలలకు ఆమెకు పక్క చూపు పోసాగింది. మిషన్ మీద సూది కనిపిస్తుంది, పక్కనే పెట్టిన గుడ్డ కనిపించదు. వెంటనే హార్మోన్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన నా రిపోర్టు చూసి పక్కన పెట్టాడు.

"ఈ హార్మోన్ ఒక్క తీరుగ ఉండదమ్మా. కాసేపు లేస్తది, కాసేపు అడుగంటుతది. ఒక్కసారి తీసిన రక్తంతోని ఏం చెప్తం?"

ఆ హార్మోన్ చెప్పినట్టు కాలేయం తయారుచేసే మరో పదార్థం ఉంది. అది రోజంతా నిలకడగా ఉంటుంది కాబట్టి ముందు దాన్ని చూశారు. అక్క వయసుకు ఉండాల్సినదానికి రెట్టింపు ఉంది. తర్వాత గ్లూకోజు నీళ్లు తాగించి, రెండు గంటలపాటు అరగంటకోసారి రక్తం తీయమన్నారు.

"బోధనోళ్లకు చక్కెర కొత్తనా, తే" అని అక్క గటగటా తాగేసింది.

చక్కెర లోపలికి పోగానే మెదడు కింది చిన్న గ్రంథి ఈ హార్మోన్‌ను దాదాపు ఆపేయాలట. ఎవరూ చెప్పకుండానే, మనిషికి తెలియకుండానే! ఇన్నేళ్లు రక్తం గొట్టాలు పట్టుకు తిరిగాను కానీ, మన ఒంట్లో ఇంత క్రమం ఉందని ఎరగను. అక్క రిపోర్టులో అయిదు అంకెలూ మూడు దగ్గరే నిలబడ్డాయి. ఆ గ్రంథిలో రేగుపండంత గడ్డ పెరిగి, కంటి నరాల మీద ఒత్తుతోందని స్కానింగ్‌లో తేలింది.

హైదరాబాద్‌లో ముక్కులోంచి పోయి ఆ గడ్డను తీశారు. చూపు చాలావరకు తిరిగొచ్చింది. మూడు నెలలకు మళ్లీ అదే పరీక్ష, రక్తం మళ్లీ నేనే తీశాను. ఈసారి చివరి అంకె సున్నా పాయింట్ నాలుగు. దాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. ఇంత చిన్న అంకెను చూసి చేతులెత్తి మొక్కాలనిపించింది నాకు.

డాక్టరు కూడా మంచిగుందన్నాకే అక్కకు చెప్పాను. ఎన్నాళ్లుగానో చెప్పలేకపోయిన మాట కూడా అప్పుడే అనేశాను. "ఆనాడు నేను తప్పు చెప్పిన అక్కా. ఎనిమిది నెలలు పోగొట్టిన."

అక్క నా తల నిమిరింది. "నువ్వు ఏం లేదన్నవని, ఆ ఎనిమిది నెలలు నిమ్మలంగ నిద్రవోయిన చెల్లె" అంది.